కొమ్ము ఊదేవాడి తెల్ల పంచె

కొమ్ము ఊదడమంటే మూతితో చేసే పని అనుకుంటారు చాలామంది. మూతి వంతు చివర్లో వస్తుంది. అసలు పని పొట్టది. నిండా గాలి పీల్చి, పొట్టని కిందికి గట్టిగా తొక్కిపెట్టి, అప్పుడు పైకి వదలాలి. ఆరో తరగతి పుస్తకాలు మూలన పడేసి మా మేనమామ వెనక కొమ్ము మోసుకుంటూ బయల్దేరినవాణ్ణి నేను. మేళంలో నిలబడి ముప్పయ్యారేళ్ళయింది. నాకొచ్చిన విద్య ఇదొక్కటే. అలాంటిది, ఆపరేషనయిన మూడు నెలలకి పెరట్లో నిలబడి కొమ్మెత్తి ఒక్కసారి గట్టిగా ఊదితే, గాలి పైనుంచీ నీళ్ళు కిందనుంచీ ఒకేసారి బయటికొచ్చాయి. దేనికది తన తాళంలోనే వచ్చిందని మాత్రం ఒప్పుకోవాలి.

ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. త్రిశూర్‌లో పెద్ద డాక్టర్ గ్రంథి మొత్తం తీసేశాడు. ప్రాణం దక్కింది. పంపించేటప్పుడు, కొన్నాళ్ళు ఒంటేలు ఆగదు, కింది కండరాలకి కసరత్తు ఉంది, మీ తాలూకా ఆసుపత్రిలో నేర్పుతారు వెళ్ళు అని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ మా ఇంట్లో క్యాలెండర్ మేకుకి ఎనిమిది నెలలు వేళ్ళాడింది. ఊపిరి గురించీ పొట్ట గురించీ కొమ్ము శంకుణ్ణికి ఇంకొకరు నేర్పడమేమిటని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం మీదే ఎనిమిది నెలలు తడిశాను.

దగ్గితే తడిసేది. బస్సు మెట్టెక్కితే తడిసేది. టీకొట్లో ఎవడైనా జోకు వేస్తే, అది మంచి జోకా కాదా అన్నది నా పంచె చెప్పేది. అందుకని నవ్వడం మానేశాను. నవ్వు మొహం నాది ఎలాగూ కాదు కనక ఊళ్ళో ఎవరికీ తేడా తెలియలేదు. తర్వాత నీళ్ళు మానేశాను. పోసేది లేకపోతే కారేది ఉండదని నా లెక్క. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. నాలుగు రోజులకి ఒంటేలు పసుపు కొమ్ము రంగుకి తిరిగి, మంట పుట్టి, గంటకి మూడుసార్లు పరుగెత్తించింది. టీ మాత్రం మానలేదు. టీని నేను నీళ్ళ కింద జమకట్టలేదు.

ఇక డైపర్ సంగతి. మందుల షాపు పౌలోస్‌ని అడగడానికి నోరు రాక, మా అత్తగారికి అని చెప్పాను. పౌలోస్ ప్యాకెట్ కాగితంలో చుట్టి ఇచ్చాడు. మా అత్తగారు పోయి నాలుగేళ్ళయిందనీ, చితి దగ్గర నా పక్కన గొడుగు పట్టుకు నిలబడింది ఈ పౌలోసేననీ సగం దారిలో గుర్తొచ్చింది.

ఇవన్నీ భరించేవాణ్ణే. భరించలేనిది కుళంగర పూరం.

మీనమాసంలో కుళంగర అమ్మవారి పూరం ఉత్సవానికి మధ్యాహ్నం మూడింటికి పంచారి మేళం మొదలవుతుంది. అయిదు కాలాలు, కాలం కాలానికీ నడక రెట్టింపు. నూట యాభై మంది. ఎదురుగా చెండ డోళ్ళ వరస, వాటికి అభిముఖంగా కుళల్ సన్నాయిలు ఊదేవాళ్ళు, వాళ్ళ వెనక మా కొమ్ముల వరస. ఆ వరస నడిమధ్య చోటు నాది. మధ్యలో ఉన్నవాడు ఎత్తితే అటు పదిమంది, ఇటు పదిమంది ఎత్తుతారు. ఇరవై రెండేళ్ళుగా ఆ చోట్లో నేనున్నాను. కిందటేడు పూరానికి నేను ఆసుపత్రిలో గొట్టం పెట్టించుకుని పడుకుంటే, పక్కన ఊదే దివాకరన్ మధ్యలోకి జరిగాడు. కుళంగరలో పద్ధతి ఏమిటంటే, ఒక ఏడాది నిలబడినవాడు బదులుకి నిలబడ్డట్టు. రెండో ఏడు కూడా వాడే నిలబడితే చోటు వాడిదే. ఇక అడగడానికి లేదు. దివాకరన్‌కి నలభై ఏళ్ళు. వాడి మూత్రసంచికి కూడా నలభై ఏళ్ళే.

మేళగాళ్ళం కట్టేది తెల్ల పంచె ఒక్కటే. పైన చొక్కా ఉండదు. మూడు గంటలు కదలకుండా, ఎండలో, పది వేల మంది ముందు. తెల్ల పంచె మీద ఒక్క చుక్క పడినా అది చుక్కలా ఉండదు, పటంలా ఉంటుంది.

పూరం ఇంకా మూడున్నర నెలలుందనగా మా ఆవిడ కార్త్యాయని మేకు మీది చీటీ తీసి నా చేతిలో పెట్టింది. రోజుకి నాలుగు పంచెలు ఉతుకుతున్నాననీ, తను ఈ ఇంటికి కాపురానికి వచ్చింది గానీ చాకిరేవుకి కాదనీ చెప్పింది. నేను వెళ్ళాను.

తాలూకా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదిలో లిన్సి అని ఒక పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నా కూతురికన్నా చిన్నది. దేనికొచ్చారు అని అడిగితే నడుం నొప్పి అన్నాను. ఆమె చీటీ చదివి, "ఇందులో నడుం లేదే, చేట్టా," అంది. చేట్టా అంటే అన్నా అని. తర్వాత అరగంట ఆ పిల్ల చెప్పిన మాటలు మా ఇంట్లో ముప్పయ్యేళ్ళ కాపురంలో ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. తుంటి ఎముకల మధ్య కింద ఊయల గుడ్డలా కండరాలుంటాయట. మూత్రసంచి దాని మీదే కూచుంటుందట. వయసుకో, కానుపులకో, ఆపరేషన్‌కో ఆ గుడ్డ సాగుతుంది. ఆడవాళ్ళకి ఎక్కువ, మగవాళ్ళకి తక్కువ, సిగ్గు మాత్రం మగవాళ్ళకే ఎక్కువ. ఆ కండరాన్ని బిగించి పది లెక్కపెట్టేదాకా ఉంచాలి, పది లెక్కపెట్టేదాకా పూర్తిగా వదలాలి. అలా పది. తర్వాత గబగబా బిగించి వదలడం పది. రోజుకి మూడుసార్లు. ఎలా చెయ్యాలో పక్క మీద పడుకోబెట్టి చూపిస్తానంది. నేను ఒప్పుకోలేదు. బిగపట్టడం నాకు చిన్నప్పుడే వచ్చునన్నాను. కనీసం ఊపిరి బిగపట్టకుండా చెయ్యమంది. ఊపిరి సంగతి నాకు వదిలెయ్ అన్నాను. ఎంత హుందాగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఏడు వారాలు చేశాను. నెమ్మదివి మేళం మొదటి కాలం లెక్కలో, గబగబావి చివరి కాలం లెక్కలో. మడమల మీద నిలబడి, నిండా పీల్చి, పొట్ట బిగించి, గట్టిగా పట్టి ఉంచేవాణ్ణి. కణతల నరాలు ఉబ్బేవి. మూడుసార్లు చెప్పింది గదా అని నేను ఆరుసార్లు చేశాను. ఏడో వారానికి రోజుకి నాలుగు పంచెలు ఆరయ్యాయి.

కార్త్యాయని పెరట్లో పంచె పిండుతూ అడిగింది.

"ఆ అమ్మాయి మీకు ఆపడం నేర్పిందా, పొయ్యడం నేర్పిందా?"

మళ్ళీ వెళ్ళాను. ఈసారి పడుకోమంటే పడుకున్నాను. లిన్సి నా పొత్తికడుపు మీద రెండు వేళ్ళు ఆనించి, బిగించమంది. బిగించాను. ఆమె వేళ్ళు పైకి లేచాయి. ఇంకోసారి అంది. ఇంకా బాగా బిగించాను, వేళ్ళు ఇంకా పైకి లేచాయి. ఆమె వేళ్ళు తీసి, మీరు ఏం పని చేస్తారు అని అడిగింది. చెప్పాను. కొమ్ము లేకుండా ఒకసారి ఊదినట్టు చెయ్యమంది. చేశాను.

"చేట్టా, మీరు ఏడు వారాలుగా కొమ్ము ఊదుతున్నారు," అంది. "ఎత్తమంటే తోస్తున్నారు. బస్తా నోరు కట్టమంటే బస్తా మీద కూచున్నారు."

నాకు పట్టు అంటే అదే. మా మేనమామ నేర్పింది అదే. కిందికి తొక్కడం. ఊళ్ళో ఇంకే ముసలాడు వెళ్ళినా, రైతైనా గుమాస్తా అయినా, సగం పట్టో పావు పట్టో పట్టి ఉండేవాడు. ముప్పయ్యారేళ్ళ విద్య ఉన్నవాణ్ణి కనక నేను మాత్రం తిరగేసి, పరిపూర్ణంగా, రోజుకి ఆరుసార్లు చేశాను.

లిన్సి నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం తెచ్చుకుని వెళ్ళిపోదును. మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. నలుగురిలో కూచున్నప్పుడు అపానవాయువు రాకుండా ఎలా ఆపుతారో అలా, వెనక నుంచి ముందుకి, లోపలికీ పైకీ లాగాలి. పొట్ట మెత్తగా ఉండాలి. పిరుదులు బిగియకూడదు. ఊపిరి బిగపట్టకుండా పైకి లెక్కపెట్టాలి, లెక్క వినబడితే ఊపిరి ఆడుతున్నట్టు. మొదటి రోజు నాకు రెండు లెక్కపెట్టేదాకా నిలిచింది. నూట యాభై మంది మేళంలో ఇరవై కొమ్ముల్ని నడిపించేవాణ్ణి, రెండు.

నీళ్ళు ఏడెనిమిది గ్లాసులు తాగమంది. టీ రెండుకి తగ్గించమంది. తోచినప్పుడల్లా ముందుజాగ్రత్తకి వెళ్ళడం మానేసి గడియారం చూసి వెళ్ళమంది. ముందు గంటన్నరకోసారి, వారం గడిచాక రెండు గంటలకి, తర్వాత రెండున్నరకి. తొందర పుడితే పరుగెత్తకుండా ఉన్నచోటే నిలబడి అయిదారుసార్లు గబగబా ఎత్తి వదిలితే ఆ తొందర దానంతటదే సద్దుమణుగుతుందంది. నేను నమ్మలేదు. ఒకరోజు రేషన్ షాపు ముందు పుట్టింది. నిలబడి చేశాను. సద్దుమణిగింది. ఏమిటలా శూన్యంలోకి చూస్తున్నావని వెనకవాడు అడిగాడు. ఎవరో పాతవాళ్ళు గుర్తొచ్చారని చెప్పాను.

దగ్గే ముందు ఎత్తు, లేచే ముందు ఎత్తు, బరువు పట్టే ముందు ఎత్తు. ఇవి వచ్చాయి. ఊదే ముందు ఎత్తడం ఎలాగని అడిగితే లిన్సి చేతులెత్తేసింది. ఎత్తుతూ తొక్కడం ఏ పుస్తకంలోనూ లేదు, మీరే కనిపెట్టాలి అంది. పెరట్లో అరటిచెట్ల వెనక నిలబడి కనిపెట్టాను. ముందు కింద ఎత్తి, అది జారకుండా ఉంచి, పక్కటెముకలతో గాలి తోసి ఊదడం. కొమ్ము మొదట పిల్లి పట్టుబడ్డట్టు అరిచింది. పక్కింటివాళ్ళు కార్త్యాయనిని పలకరించి వెళ్ళారు. నెలకి నాదం దారికొచ్చింది. పంచెలు రోజుకి ఒకటికి దిగాయి.

పూరం రెండు వారాలుందనగా లిన్సిని సూటిగా అడిగాను, మూడు గంటలు ఊదితే ఆరిపోయి ఉంటానా అని. ఉండరు, అంది. ఏ కండరమైనా అలిసిపోతుంది, రెండు గంటల దాకా కాస్తుందేమో, ఆపైన కారుతుంది, ప్యాడ్ పెట్టుకోండి, సన్నవి దొరుకుతాయి, కట్టు కింద కనబడవు. ఇంకో ఆరు నెలలు చేస్తే ఇంకా బాగవుతుంది. పూరం ఆరు నెలలు ఆగుతుందా అని అడిగింది. నేను ఇంటికొచ్చి ఆలోచించాను. ఎవరికీ చెప్పకుండా నిలబడొచ్చు. మధ్యలో కొమ్ము తడబడితే, ఎందుకు తడబడ్డానో తెలియక చెండల వరస తడబడుతుంది. మేళం చెడగొట్టినవాడిగా పోయేకన్నా పంచె తడిపినవాడిగా పోవడం నయమనిపించింది. ఈ రెంటిలో ఎంచుకోవలసి రావడమే నా బతుకు.

మేళానికి పెద్ద ఈశ్వర మారార్. డెబ్భై రెండేళ్ళ చెండ ఆశాన్, అంటే గురువు. ఆయన ఎదురుగా కూచుని తల దించుకుని అంతా చెప్పాను. గ్రంథి, కారడం, తోసిందీ ఎత్తిందీ, అన్నీ. ఆయన వక్క నములుతూ విన్నారు. మధ్యలో రెండుసార్లు, ఎన్ని లెక్కపెట్టేదాకా నిలుస్తుందని అడిగారు. ఆరోగ్యం విచారిస్తున్నారనుకున్నాను. అంతా అయ్యాక తాంబూలం ఉమ్మి వచ్చి కూచుని చెప్పారు.

"పంచె తడిస్తే తడవనీ, శంకుణ్ణీ. దాని లెక్క నాకక్కర్లేదు. తాళం ఒక్క వెంట్రుక వెనక పడితే మాత్రం నేను చెప్పేదాకా ఉండకు. నువ్వే పక్కకి జరిగి దివాకరన్‌ని మధ్యలోకి రానీ."

సరేనన్నాను. ఆయన మాట ఖచ్చితం. ఎంత ఖచ్చితమో ఆ రోజు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

పూరం నాడు మధ్యాహ్నం రెండున్నరకి గడియారం చూసి ఒంటికి వెళ్ళాను. కట్టుగుడ్డ కింద సన్న ప్యాడ్, పైన కొత్త పంచె. ఏనుగులు వరస కట్టాయి. దివాకరన్ నా ఎడమ పక్క నిలబడి, ఒళ్ళెలా ఉంది చేట్టా, కాళ్ళు నొప్పి పుడితే చెప్పండి, నేను చూసుకుంటా అన్నాడు. వాడు చూసుకునేది దేన్నో నాకు తెలుసు. అక్కర్లేదన్నాను.

మొదటి కాలం ఎద్దుబండి నడక. ఒక చుట్టు తిరిగి రావడానికి తొంభయ్యారు దెబ్బలు. ఎత్తి, ఊది, వదిలి, మళ్ళీ ఎత్తడానికి తీరికే తీరిక. నా జన్మలో ఎప్పుడూ అంత శుభ్రంగా ఊదలేదు. ఒక్క చుక్క లేదు. రెండో కాలం సగానికి సగం కురచ. అదీ గడిచింది. ఎండకి ఇత్తడి కాలి పెదవులు చురుక్కుమంటున్నాయి, చెమట కంట్లోకి దిగుతోంది, కింద మాత్రం నేను రాజులా ఉన్నాను. జనం చేతులు గాల్లోకి విసురుతున్నారు. వాళ్ళు మేళానికి విసురుతున్నారు. ఎవరూ చూడకుండా నాకూ కొన్ని తీసుకున్నాను.

మూడో కాలం ఇరవై నాలుగు దెబ్బలు. దాని సగంలో తేడా తెలిసింది. కారడం కాదు. కారితే బాగుండేది. ఎత్తడానికి ఒక రెప్పపాటు పడుతుంది. ఎత్తి ఊదేసరికి ఆ రెప్పపాటు వెనక పడుతున్నాను. తొంభయ్యారులో రెప్పపాటు ఎవరికీ కనబడదు. ఇరవై నాలుగులో కనబడుతుంది. నేను మధ్యలోవాణ్ణి కనక నాతో పాటు ఇరవై మందీ రెప్పపాటు వెనక పడుతున్నారు. దివాకరన్ కొమ్ము మీంచి నావైపు చూశాడు. ఎదురుగా ఈశ్వర మారార్ కర్ర ఆపలేదు, తల తిప్పలేదు. కళ్ళు మాత్రం ఎత్తి నా మొహం మీద పెట్టారు. అంతే.

నాలుగో కాలం పన్నెండు. అయిదోది ఆరు. ఆరు దెబ్బల్లో ఎత్తడానికీ తొక్కడానికీ రెంటికీ చోటు లేదు. ఏదో ఒకటే. పక్కకి ఒక అడుగు వేస్తే పొడిగా ఉంటాను, పరువుగా ఉంటాను, ఒళ్ళు బాలేదంటే ఎవరూ ఏమీ అనరు. చోటు దివాకరన్‌ది అవుతుంది. ఇక్కడే ఉండాలంటే తాళంలో ఉండాలి.

నేను ఎత్తడం మానేశాను.

మా మేనమామ నేర్పినట్టు నిండా పీల్చి, కిందికి తొక్కి, దెబ్బ మీద దెబ్బగా ఊదాను. ఇరవై కొమ్ములూ ఒక్కసారి ముందుకొచ్చి చెండల మీద పడ్డాయి. మారార్ కళ్ళు మళ్ళీ చెండ మీదికి దిగాయి. నాలుగో కాలం అయ్యేసరికి ప్యాడ్ చెయ్యగలిగిందంతా చేసింది. అయిదో కాలంలో దానికీ నాకూ సంబంధం తెగిపోయింది. వెచ్చగా తొడ మీంచి మోకాలికి, మోకాలి మీంచి మడమకి దిగింది. ఊదిన ప్రతిసారీ. అంత ఖచ్చితంగా తాళం పట్టిన ఒంటేలు కేరళ దేశంలో ఇంకొకటి ఉండదు. జనం నా పంచె చూశారా, చూస్తే ఏమనుకున్నారో నాకు తెలియదు. నేను ఆరు లెక్కపెడుతున్నాను.

మేళం ఆగాక దివాకరన్ నా దగ్గరికొచ్చాడు. మూడో కాలంలో కాస్త వెనకపడ్డట్టున్నారు చేట్టా అన్నాడు, నలుగురు వినేలా. వచ్చే ఏటికి దారి వేసుకుంటున్నాడు.

"అవును," అన్నాను. "పంచె తడవకుండా చూసుకుంటున్నా. అందుకని ఆలస్యమైంది. నాలుగో కాలం నుంచీ చూసుకోవడం మానేశా."

వాడు నా పంచె చూశాడు. నా మొహం చూశాడు. వినడానికి నిలబడ్డ నలుగురూ ఏనుగుల్ని చూశారు. నా కొమ్ము వాడి చేతిలో పెట్టి, పట్టుకో, ఇప్పుడే వస్తా అన్నాను. వాడు పట్టుకున్నాడు.

అన్నశాల వెనక మరుగుదొడ్డి ఒకటే. ముందు వరస. మేళంలో ఎవరు ఎక్కడ నిలబడాలో తరతరాల పద్ధతి ఉంది గానీ ఈ వరసకి లేదు. ముందు వచ్చినవాడు ముందు. అందరూ యాభై అయిదు దాటినవాళ్ళే. ఒకడు తాళం తాడు విప్పి కడుతున్నాడు, ఒకడు కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు, అందరూ ఆకాశంలో ఏదో ఉన్నట్టు పైకి చూస్తున్నారు. వెళ్ళి చివర నిలబడ్డాను. ఒక్క నిమిషానికి నా వెనక ఈశ్వర మారార్ వచ్చారు. చెండ ఇంకా భుజాన్నే ఉంది. మూడు గంటలూ ఆయన పంచె ముందు వేళ్ళాడిన ఆ చెండని ఇప్పుడూ దింపలేదు. ఎందుకు దింపలేదో అడగలేదు.

కాసేపు ఇద్దరం పైకి చూశాం.

"మూడో కాలంలో వెంట్రుక వెనకపడ్డావు," అన్నారు. "నాలుగు, అయిదు బాగున్నాయి. వచ్చే ఏడు మూడు కూడా సరిచేసుకో."

వచ్చే ఏడు అన్నారు. ఆ మాట నేను మనసులో రెండుసార్లు చెప్పుకున్నాను. లిన్సి చెప్పిన ఆరు నెలల కన్నా పూరానికి ఆరు నెలలు ఎక్కువే ఉంది.

వరస కదలడం లేదు. లోపలున్నవాడెవడో బయటికి రావడం లేదు. ఆశాన్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారారు. గొంతు తగ్గించి, ఆ పిల్ల ఏమందన్నావు, గబగబా ఎన్నిసార్లు ఎత్తాలన్నావు అని అడిగారు. అయిదారుసార్లు, పొట్ట మెత్తగా ఉంచి, లోపలికీ పైకీ అన్నాను. ఆయన కళ్ళు శూన్యంలోకి వెళ్ళాయి. కొంతసేపటికి తిరిగి వచ్చాయి గానీ పూర్తిగా కాదు.

నేను పక్కకి జరిగాను.

"మీరు ముందుకి రండి, ఆశాన్," అన్నాను. "నాకిక తొందరేం లేదు."